టీకా, అమ్మవారు, సుగ్గి: ఆదోని–ఎమ్మిగనూరు ప్రాంతంలో పిల్లల టీకాల చరిత్ర

ఈ పాఠంలో మీరు ఒక పాత ఆరోపణను చరిత్ర విద్యార్థిగా పరీక్షిస్తారు. పిల్లలకు టీకాలు వేయించని తల్లిదండ్రుల గురించి ప్రభుత్వ నివేదికలు వలస పాలన కాలం నుంచి తరచూ ఒకే మాట చెబుతూ వచ్చాయి: జనానికి అవగాహన లేదు, మూఢనమ్మకం ఎక్కువ. ఈ మాటలో కొంత నిజం ఉంది. అయితే టీకా వద్దని గట్టిగా చెప్పినవారు వేరు, అడిగిన ప్రశ్నకు జవాబు రాక వెనక్కి తగ్గినవారు వేరు, టీకా వేసేవారు వచ్చిన రోజున ఊళ్లోనే లేనివారు వేరు. లెక్కల పట్టికలో ముగ్గురూ ఒకే గడిలో పడతారు. వారిని విడదీసి చూడటమే ఈ పాఠం పని.

ప్రాంతం గురించి ఒక మాట

ఆదోని, ఎమ్మిగనూరు నేడు కర్నూలు జిల్లాలో ఉన్నాయి. కాని 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో భాగం. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదిలిపెట్టిన దత్తమండలాల్లో ఇదీ ఒకటి. బళ్లారి పట్టణం మైసూరు రాష్ట్రానికి, ఆదోని, ఆలూరు తాలూకాలు ఆంధ్రకు వెళ్లాయి. కాబట్టి ఈ ప్రాంతపు పాత వైద్య చరిత్ర కోసం కర్నూలు జిల్లా దస్త్రాలు మాత్రమే తిరగేస్తే మీకు చాలా తక్కువ దొరుకుతుంది. బళ్లారి జిల్లా దస్త్రాలు చూడాలి. ఇది చిన్న విషయంగా కనిపించినా చాలామంది విద్యార్థులు ఇక్కడే దారి తప్పుతారు.

సరిహద్దు మారినా బంధుత్వాలు మారలేదు. హొళగుంద, కౌతాళం, కోసిగి వైపు ఇళ్లలో తెలుగు, కన్నడ రెండూ వినిపిస్తాయి. ఆదోనిలో వాటికి ఉర్దూ తోడవుతుంది. ఆడపిల్లను సిరుగుప్పకో బళ్లారికో రాయచూరుకో ఇవ్వడం, అక్కడి పిల్లను తెచ్చుకోవడం ఇప్పటికీ మామూలే. ఈ సంగతి పాఠం చివర మళ్లీ అవసరమవుతుంది, గుర్తుంచుకోండి.

అమ్మవారు పోసినప్పుడు

మశూచికి తెలుగులో వైద్యుల పేరు స్ఫోటకం. జనం పేరు పెద్దమ్మవారు. ఒంటిమీద పొక్కులు లేస్తే "రోగం వచ్చింది" అనేవారు కాదు, "అమ్మవారు పోసింది" అనేవారు. మారెమ్మ, సుంకులమ్మ గుళ్లు ఈ ప్రాంతపు పల్లెల్లో మీకు అడుగడుగునా కనిపిస్తాయి. అమ్మవారు పోసిన ఇంటి గడపకు వేపమండలు కట్టేవారు. ఇంట్లో తాలింపు వేసేవారు కాదు. పరాయివారిని లోపలికి రానిచ్చేవారు కాదు. పిల్లవాడిని వేపాకుల మీద పడుకోబెట్టి చల్లటి పదార్థాలు పెట్టేవారు.

ఈ ఆచారాలను మూఢనమ్మకం అని కొట్టివేయడం తేలిక. కాని వాటి లోపల ఒక క్రమం ఉంది. పరాయివారిని రానివ్వకపోవడం వల్ల రోగి కొంతవరకు విడిగా ఉండేవాడు. వేపమండ చూసిన పొరుగువారు ఆ గడప తొక్కేవారు కాదు. మందులేని జబ్బుకు అప్పటి సమాజం చేయగలిగింది అదే. పెద్దమ్మవారు సోకిన పది మందిలో ముగ్గురు చనిపోయేవారు. బతికినవారిలో కొందరికి చూపు పోయేది. అలాంటి రోగం ముందు తల్లి అమ్మవారికి మొక్కుకోవడం ఆశ్చర్యం కాదు. మనం అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. ఆ తల్లి దగ్గరకు కొత్త ఉపాయం ఏ రూపంలో వచ్చింది?

1802: చేతి నుంచి చేతికి వచ్చిన మందు

ఇంగ్లండులో ఎడ్వర్డ్ జెన్నర్ 1796లో ఆవుపొక్కుల రసంతో మశూచిని అడ్డుకోవచ్చని చూపి, 1798లో ఆ విషయాన్ని ప్రకటించాడు. ఆ రసం భారతదేశానికి బాగ్దాదు, బస్రాల మీదుగా వచ్చింది. 1802 జూన్ 14న బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ల పాపకు వేసిన టీకా ఈ దేశంలో ఫలించిన మొదటి టీకా. ఆమె చేతి పొక్కు నుంచి తీసిన రసాన్ని మరి కొందరు పిల్లలకు, వారి చేతుల నుంచి ఇంకొందరికి ఎక్కిస్తూ ఆ గొలుసును హైదరాబాదు, మద్రాసు వంటి నగరాలకు చేర్చారు. అప్పట్లో రసాన్ని చెడకుండా నిలవ చేసే పద్ధతి లేదు. నిలవ ఉంచే పాత్ర పిల్లవాడి చెయ్యే.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. టీకా వేసిన ఎనిమిదో రోజున ఆ పిల్లవాడి పొక్కును గుచ్చి రసం తీయాలి. నొప్పి, జ్వరంతో ఉన్న పిల్లవాడిని అవసరమైతే పొరుగూరికి తీసుకువెళ్లి అక్కడి పిల్లలకు ఎక్కించాలి. ఎవరి పిల్లవాడు దీనికి దొరుకుతాడు? కాదనలేని పేదవారి పిల్లవాడు. ఆ రసం తమ పిల్లలకు ఎక్కించడానికి పై కులాలవారు ఒప్పుకునేవారు కాదు. తమ బిడ్డను ఎత్తుకుపోతున్నారని పేదవారు మండిపడేవారు. రెండు నిరాకరణల వెనకా కారణాలు వేరు. రెంటికీ నివేదికలో పడే మాట మాత్రం ఒకటే.

జనాన్ని ఒప్పించడానికి కంపెనీ అధికారులు వేసిన ఎత్తుల్లో ఒకటి మీకు తప్పక తెలియాలి. 1819 జనవరి 12న 'మద్రాస్ కొరియర్' పత్రికలో కల్వి విరుంబన్ అనే పేరుతో ఒక ఉత్తరం అచ్చయింది. తమిళంలో ఆ పేరుకు 'చదువును కోరేవాడు' అని అర్థం. ఆవు పొదుగు పొక్కుల రసంతో టీకా వేసే పద్ధతి ధన్వంతరి పేరున్న ఒక సంస్కృత గ్రంథంలో ముందే ఉందని ఆ ఉత్తరం చెప్పింది. ఐరోపా పత్రికలు దాన్ని ఎత్తి రాసుకున్నాయి. జెన్నర్‌కన్నా ముందే మన పూర్వులకు టీకా తెలుసన్న మాట ఇప్పటికీ కొన్ని పుస్తకాల్లో కనిపించడానికి మూలం అదే. దీన్ని లోతుగా పరిశీలించిన డొమినిక్ వుజాస్టిక్ వంటి పండితులు ఆ పాఠం పాతది కాదనీ, టీకాను హిందువులకు నచ్చేలా చేయడానికి అప్పుడు పుట్టించిందనీ తేల్చారు. దాని వెనక ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ హస్తం ఉందని భావిస్తున్నారు.

ఎల్లిస్ తెలుగు విద్యార్థులకు పరిచయం ఉన్నవాడే. 1816లో ఎ.డి. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి ముందుమాటగా, దక్షిణాది భాషలు సంస్కృతం నుంచి పుట్టలేదని రాసినవాడు ఆయనే. ఆ క్యాంప్‌బెల్ తరువాత ఆదోని కూడా ఉన్న బళ్లారి జిల్లాకు కలెక్టరై, 1823లో ఇక్కడి పల్లె బడుల మీద ప్రసిద్ధమైన నివేదిక రాశాడు. అంటే స్థానిక భాషలను, శాస్త్రాలను గౌరవంగా చదివిన వర్గం నుంచే ఈ బూటకం వచ్చింది. ఉద్దేశం మంచిదే కావచ్చు. జనానికి వాస్తవం చెబితే వినరు, కథ చెబితే వింటారు అన్న అంచనా మాత్రం అందులో ఉంది. ఈ పాఠ రచయిత దృష్టిలో టీకాల చరిత్రలో పదేపదే కనిపించే లోపం ఇదే.

చట్టం వచ్చింది, గౌరవం రాలేదు

1876–78 నాటి గొప్ప కరువు బళ్లారి, కర్నూలు జిల్లాలను ఊడ్చేసింది. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా జనంలో దాదాపు నాలుగో వంతు తగ్గిపోయారు. ఆకలితో పాటు అంటురోగాలు ఊళ్లను తుడిచిపెట్టాయి. ఆ కరువు ముగిసిన కొద్దికాలానికే 1880లో టీకాల చట్టం వచ్చింది. చట్టాన్ని వర్తింపజేసిన పురపాలక సంఘాల్లో, కంటోన్మెంట్లలో ఆరు నెలలు నిండిన బిడ్డకు తల్లిదండ్రులు టీకా వేయించాలి, లేకపోతే జరిమానా. పల్లెలు ఆ చట్టం పరిధిలో లేవు.

ఇదే కాలంలో ఇంగ్లండులో ఏం జరిగిందో పోల్చి చూడండి. అక్కడ 1853లో టీకా తప్పనిసరి అయింది. కార్మికులు, చిన్న వ్యాపారులు దాన్ని తీవ్రంగా వ్యతిరేకించారు. 1885లో లెస్టర్ పట్టణంలో జరిగిన ఊరేగింపుకు దాదాపు లక్షమంది వచ్చారని చెబుతారు. చివరకు 1898లో, అంతరాత్మ ఒప్పుకోని తల్లిదండ్రులకు మినహాయింపు ఇస్తూ పార్లమెంటు చట్టాన్ని సవరించింది. లెస్టర్ కార్మికుడి అభ్యంతరానికి అంతరాత్మ అని పేరు వచ్చింది. ఆదోని కూలీ అభ్యంతరానికి మూఢనమ్మకం అని పేరు వచ్చింది. వ్యతిరేకతను అన్ని చోట్లా ఒకే తూనికతో తూచలేదని దీనివల్ల మీకు అర్థమవుతుంది. అయితే లెస్టర్ వారి వాదనల్లో చాలావరకు వైద్యపరంగా నిలబడలేదన్నది కూడా మరువకూడదు.

పందొమ్మిదో శతాబ్దం చివరికి చేతి నుంచి చేతికి ఎక్కించే పద్ధతి పోయి, దూడ చర్మం మీద పెంచిన రసం వాడకంలోకి వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో దీని తయారీకి గిండీలో 1899లో మొదలైన సంస్థే నేటి కింగ్ ఇన్‌స్టిట్యూట్. నిజాం రాజ్యంలో 1876లో టీకా డిపోగా మొదలైన సంస్థ ఇప్పుడు హైదరాబాదు నారాయణగూడలో ఐపీఎంగా ఉంది. కొత్త పద్ధతి కుల సమస్యను తగ్గించింది కాని ఆవు సమస్యను తెచ్చింది. దూడను బాధపెట్టి తీసిన రసం ఒంట్లోకి ఎక్కించుకోవడం చాలామందికి ఇష్టం లేదు. గాంధీజీ కూడా ఆరోగ్యం మీద రాసిన రచనల్లో టీకాను ఖండించాడు. ఎండ మరో శత్రువు. బళ్లారి, ఆదోని ఎండలకు రసం బలం పోయేది. బలం పోయిన రసం వేసినా పుండు నొప్పి తప్పేది కాదు, రక్షణ మాత్రం వచ్చేది కాదు. టీకా వేయించుకున్న బిడ్డకు మళ్లీ అమ్మవారు పోస్తే, ఆ వీధిలో టీకా మీద నమ్మకం ఎన్నాళ్లకు తిరిగి వస్తుంది? ఇది మూఢనమ్మకం కాదు, అనుభవం.

పని నష్టం గురించి దస్త్రాలు ఎక్కువ మాట్లాడవు. ఎమ్మిగనూరు నేతకారుల ఊరు. 1938లో మాచాని సోమప్ప స్థాపించిన నేతకారుల సహకార సంఘం పేరు మీరు వినే ఉంటారు. మగ్గం మీద కూర్చునేది ఒకరైనా, కండెలు చుట్టడం, ఆసు పోయడం ఇంట్లోని ఆడవారూ పిల్లలూ చేసే పనులు. టీకా పుండుతో, జ్వరంతో బిడ్డ వారం రోజులు చంకదిగకపోతే ఆ వారం కండెలు ఎవరు చుట్టాలి? ఉచితంగా వేసే టీకాకు కూడా ఇంట్లో ఒక ఖర్చు ఉంటుందన్నది గమనించండి.

మశూచి కథకు ముగింపు మంచిదే. 1962లో జాతీయ నిర్మూలన కార్యక్రమం మొదలైంది. దక్షిణ రాష్ట్రాల్లో ముందుగానే తగ్గింది. 1975 మే నెలలో దేశంలో చివరి కేసు నమోదైంది. 1980లో ప్రపంచం నుంచే పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. మారెమ్మ గుళ్లు ఉన్నాయి, జాతరలు జరుగుతున్నాయి, పెద్దమ్మవారు మాత్రం లేదు. టీకా పనిచేస్తుందనడానికి ఇంతకన్నా బలమైన చారిత్రక సాక్ష్యం మరొకటి లేదు.

రాజాజీ అడిగిన ప్రశ్న, మదనపల్లె ఇచ్చిన జవాబు

వ్యతిరేకత అంతా చదువురానివారిదే అనుకునేవారికి బీసీజీ చర్చ మంచి జవాబు. క్షయకు బీసీజీ టీకాను స్వతంత్ర భారతం 1948లో మొదలుపెట్టింది. తొలి ప్రయత్నాలు జరిగిన చోట్లలో రాయలసీమలోని మదనపల్లె ఒకటి. అక్కడి ఆరోగ్యవరం శానిటోరియం అప్పటికే క్షయ వైద్యానికి పేరుపొందింది. 1955లో, కొద్దికాలం క్రితం వరకు మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్న సి. రాజగోపాలాచారి ఈ టీకాకు వ్యతిరేకంగా గొంతెత్తి, ఏకంగా ఒక పుస్తకమే ప్రచురించాడు. రుజువు గట్టిగా లేని టీకాను ఆరోగ్యంగా ఉన్న లక్షలాది పిల్లలకు బడుల్లో వేయడం ఏమిటి, తల్లిదండ్రులను అడిగారా అన్నది ఆయన వాదన. కేంద్ర ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్ కౌర్ టీకాను సమర్థించింది.

గొడవ పత్రికల్లో నడుస్తుండగా, మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో డెన్మార్కు వైద్యుడు యోహానెస్ ఫ్రిమొట్-మొలర్ బృందం 1950 నుంచే మరో పని చేస్తోంది. కొందరికి టీకా వేసి, కొందరికి వేయకుండా, ఏళ్ల తరబడి ఇరువర్గాలనూ గమనించింది. 1960లలో వెలువడిన ఫలితాల్లో రక్షణ తక్కువగానే తేలింది. 1968లో తమిళనాడులోని చెంగల్పట్టులో లక్షలమందితో మొదలైన పరీక్ష, పెద్దవారి ఊపిరితిత్తుల క్షయను ఈ టీకా అడ్డుకోలేదని 1979లో చూపింది. అంటే రాజాజీ సందేహంలో పస ఉంది. అలాగని టీకా పనికిరానిదీ కాదు. పసిబిడ్డల్లో మెదడు పొరలకు వచ్చే క్షయ నుంచి, ఒళ్లంతా పాకే క్షయ నుంచి అది కాపాడుతుంది. అందుకే నేటికీ పుట్టగానే వేస్తున్నారు. ప్రశ్న అడిగినవారి నోరు మూయించడం వల్ల కాక, పల్లెల్లో ఓపికగా లెక్క చూడటం వల్ల మనకు ఈ తేడా తెలిసింది.

అడగకుండా వేస్తే ఏమవుతుందో ఖమ్మం చూపింది. 2009లో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో సుమారు 14,000 మంది 10–14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నిరోధించే హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన ప్రాజెక్టు అది. కొందరు బాలికలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణలో తేలలేదు. కాని పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి. గిరిజన పిల్లల తల్లిదండ్రులకు చాలామందికి విషయమే తెలియదు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని కఠినంగా తప్పుపట్టింది. టీకా మంచిదైనా అడిగిన తీరు చెడ్డదైతే, ఆ చెడ్డపేరు తరువాత వచ్చే ప్రతి టీకాకూ అంటుతుంది.

సుగ్గికి పోయిన బిడ్డ

ఇప్పుడు మళ్లీ ఆదోని వైపు రండి. 1985లో దేశంలో సార్వత్రిక టీకాల కార్యక్రమం మొదలైంది. క్షయ, కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, పోలియో, తట్టు అనే ఆరు జబ్బుల మీద అది గురిపెట్టింది. 1995లో పల్స్ పోలియో వచ్చింది. 2014 మార్చిలో భారతదేశానికి పోలియో లేని దేశంగా గుర్తింపు లభించింది. అదే ఏడాది డిసెంబరులో, టీకాలు అందని పిల్లలు ఎక్కువగా ఉన్న 201 జిల్లాలను ఎంచి మిషన్ ఇంద్రధనుష్ మొదలుపెడితే ఆ జాబితాలో కర్నూలు ఉంది. గుంటూరు కూడా ఉంది. ఈ రెండు పేర్లూ పక్కపక్కన చూస్తే ఆదోని వాళ్లకు వెంటనే ఒక మాట తడుతుంది: సుగ్గి.

వానలు మొహం చాటేసిన ఏడు కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వెళ్తాయి. దీన్నే ఇక్కడ సుగ్గికి పోవడం అంటారు. ముసలివారు ఇంటికి కాపలా, పసిపిల్లలు తల్లి చంకన.

ఒక లెక్క వేద్దాం. అక్టోబరు నడుమ పుట్టిన బిడ్డకు ఆరు వారాల టీకా నవంబరు చివర, పది వారాలది డిసెంబరు చివర, పద్నాలుగు వారాలది జనవరి మూడో వారంలో వేయాలి. ఆ మూడూ సుగ్గి నెలలే. తల్లి మిరప చేను గట్టున డేరాలో ఉంటుంది. ఆశా కార్యకర్త ఊళ్లో తాళం వేసిన తలుపు తడుతుంది. అక్కడి ఏఎన్ఎం జాబితాలో ఈ బిడ్డ పేరు ఉండదు. ఆమె డేరాల దగ్గరకు వచ్చినా, పగటిపూట తల్లి చేలో ఉంటుంది. ఏప్రిల్‌లో బిడ్డ తిరిగి వచ్చేసరికి ఆరు నెలలు. ఈ తల్లి ఎవరితోనూ వద్దనలేదు. ఆమెను ఎవరూ అడగనే లేదు.

సరిహద్దు మరో చిక్కు. కాన్పు పుట్టింట్లో కాబట్టి, సిరుగుప్ప కోడలి బిడ్డకు తొలి టీకాలు కర్ణాటకలో పడతాయి. చేతిలో కన్నడంలో రాసిన తాయి కార్డు ఉంటుంది. అత్తింటికి వచ్చాక ఇక్కడ తెలుగు కార్డు. రెండూ కలిపి చదివేవారు ఉంటేనే లెక్క తేలుతుంది. 2017లో తట్టు–రుబెల్లా టీకా కర్ణాటకలో ఫిబ్రవరిలో మొదలైతే, ఆంధ్రప్రదేశ్‌లో ఆగస్టులో మొదలైంది. కర్ణాటక, తమిళనాడుల్లో వాట్సాప్‌లో తిరిగిన పుకార్లకు మాత్రం రాష్ట్ర సరిహద్దు అడ్డం కాదు. టీకా కన్నా ఆరు నెలల ముందే దాని మీద భయం రాగల దారి అది. ఆ భయాన్ని పోగొట్టడానికి అవగాహన సభలు అవసరమే. సుగ్గి బిడ్డకు మాత్రం సభ వల్ల ఒరిగేది లేదు. ఆమెకు కావలసింది గుంటూరు చేను గట్టుకు సాయంత్రం పూట వచ్చే నర్సు, ఏ ఊళ్లోనైనా చెల్లే కార్డు.

మిస్సైన డోసు వెంటనే కనిపించదు. కంఠసర్పికి పసితనంలో వేసిన టీకా బలం క్రమంగా తగ్గుతుంది. ఒకటిన్నర ఏట, అయిదో ఏట మళ్లీ వేయాలి. ఆ బూస్టర్లు తప్పిన పిల్లలు బడికి వెళ్లే వయసులో గొంతులో తెల్లటి పొరతో, ఊపిరాడక ఆసుపత్రికి వస్తారు. హైదరాబాదు ఫీవర్ ఆసుపత్రికి ఈ శతాబ్దంలోనూ అలాంటి పిల్లలు వస్తూనే ఉన్నారు.

క్షేత్ర అభ్యాసం

మీ ఇంట్లో లేదా వీధిలో 1970కి ముందు పుట్టిన ముగ్గురు పెద్దవారిని కలవండి. వారి చేతులపై మశూచి టీకా మచ్చలు ఉన్నాయేమో చూడండి. ఆ రోజు ఏం జరిగిందో, ఎవరు వేశారో, ఇంట్లో ఎవరైనా వద్దన్నారో, ఎందుకన్నారో వారి మాటల్లోనే రాసుకోండి. తరువాత ఐదేళ్లలోపు బిడ్డ ఉన్న ఒక తల్లిని అడిగి, ఆమె అనుమతితో బిడ్డ టీకా కార్డు చూడండి. ఖాళీగా ఉన్న గడి కనిపిస్తే, ఆ తేదీన ఆ కుటుంబం ఎక్కడుందో అడగండి.